పాడైన ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ నుంచి ఫైళ్లు బయటికి తీయడం ఎలా?

“హార్డ్ డిస్క్ ఓపెన్ కావడం లేదు, మంచి రికవరీ సాఫ్ట్‌వేర్ ఏదైనా చెప్పండి” అని అడిగేవాళ్లే ఎక్కువ. నిజానికి సాఫ్ట్‌వేర్ అవసరం దాదాపు చివర్లో వస్తుంది. డ్రైవ్ ఎలాంటి శబ్దం చేస్తోంది, కంప్యూటర్‌లో దాని సైజు సరిగ్గా కనిపిస్తోందా, పాడయ్యాక మీరు దాని మీద ఏమేం నొక్కారు అన్నవాటిని బట్టే మీ ఫైళ్లు దొరికేదీ లేనిదీ చాలావరకు తేలిపోతుంది. కాబట్టి కింది స్టెప్పులు వరుసగా చేయండి. మధ్యలోంచి మొదలుపెట్టొద్దు.

ఇంకో సంగతి. విండోస్ చూపించే “రిపేర్”, “ఫిక్స్” బటన్లన్నీ డ్రైవ్‌ను మళ్లీ వాడుకునేలా చేయడానికి పెట్టినవి. మీ ఫొటోలు ఏమైపోతాయన్నది వాటికి పట్టదు. మనకు డ్రైవ్ బాగుపడక్కర్లేదు, అందులో ఉన్నది బయటికి వస్తే చాలు.

ముందు ఇవి మానేయండి

“ఈ డిస్క్‌ను వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి” అని బాక్స్ వస్తే క్యాన్సిల్ నొక్కండి. “ఇనిషియలైజ్ డిస్క్” అన్నా క్యాన్సిలే. “స్కాన్ అండ్ ఫిక్స్” అన్నా వద్దు. పొరపాటున క్విక్ ఫార్మాట్ నొక్కేసి ఉంటే మరీ టెన్షన్ పడకండి. హార్డ్ డిస్క్‌లో క్విక్ ఫార్మాట్ ఫైళ్ల పట్టికను మాత్రమే కొత్తగా రాస్తుంది, డేటా చాలావరకు అక్కడే ఉంటుంది. ఫుల్ ఫార్మాట్ సంగతి వేరు. విండోస్ విస్టా నుంచి అది డిస్క్ మొత్తం మీద సున్నాలు రాసుకుంటూ పోతుంది. అది నడుస్తుంటే వెంటనే ఆపండి. అది ఇంకా చేరని భాగమైనా మిగులుతుంది.

చెక్‌డిస్క్ కమాండ్ చాలామంది మొదటి సలహాగా చెబుతారు. బ్యాడ్ సెక్టార్లు (డిస్క్‌లో చెడిపోయి చదవలేని చోట్లు) ఉన్న డ్రైవ్ మీద దాన్ని నడిపితే ఫోల్డర్ల వివరాలను తనకు తోచినట్టు సర్దేస్తుంది. మీ ఫైళ్లు పేర్లు పోగొట్టుకుని, “ఫౌండ్” అనే ఫోల్డర్‌లో సీహెచ్‌కే ఫైళ్లుగా తేలతాయి. ఒక్కోసారి అలా కూడా తేలవు. ఆ సర్దుబాటును వెనక్కి తిప్పే దారి లేదు.

డ్రైవ్‌ను ఫ్రీజర్‌లో పెట్టే చిట్కా ఇంకా తిరుగుతూనే ఉంది. బయటికి తీయగానే లోపలి ప్లాటర్ల (డేటా ఉండే, గుండ్రంగా తిరిగే పళ్లేల) మీద తేమ చేరుతుంది. ఇప్పటి డ్రైవ్‌లకు ఆ పని చేయొద్దు. అరచేత్తో తట్టడం, మూత విప్పి చూడడం కూడా వద్దు. డేటాను చదివే రీడ్ హెడ్ ప్లాటర్‌కు తగలకుండా, వెంట్రుక మందం కన్నా ఎన్నో రెట్లు తక్కువ ఎత్తులో తేలుతుంది. మామూలు గదిలో గాలిలో ఉండే దుమ్ము కణం ఆ సందులో పట్టదు.

కావలసినవి

- పాడైన డిస్క్ మొత్తం సైజు కన్నా ఎక్కువ ఖాళీ ఉన్న మంచి డ్రైవ్. 1 టీబీ డిస్క్‌కు 2 టీబీ డ్రైవ్ ఉంటే నిశ్చింత, ఎందుకంటే ఇమేజ్‌కూ (ఆరో స్టెప్‌లో తీసే మొత్తం డిస్క్ నకలు), దాంట్లోంచి తీసిన ఫైళ్లకూ రెండింటికీ చోటు కావాలి. అది ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో గానీ ఎక్స్‌ఫ్యాట్‌లో గానీ ఫార్మాట్ అయి ఉండాలి. ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు, ఇమేజ్ మధ్యలో ఆగిపోతుంది.
- బాగా పనిచేస్తుందని తెలిసిన ఇంకో యూఎస్‌బీ కేబుల్.
- ఒక ఖాళీ పెన్ డ్రైవ్ (లినక్స్‌తో బూట్ చేయడానికి).
- కొన్ని గంటలు, అవసరమైతే రోజుల తరబడి ఆపకుండా నడపగల కంప్యూటర్. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టి, స్లీప్ ఆఫ్ చేయండి.

1. చెవి పెట్టి వినండి

డ్రైవ్‌ను బల్ల మీద కదలకుండా ఉంచి, కనెక్ట్ చేసి, ఒక అర నిమిషం వినండి.

మామూలుగా తిరుగుతున్న సన్నని శబ్దం వస్తుంటే రెండో స్టెప్పుకు వెళ్లండి. ఏ శబ్దమూ, వణుకూ లేకపోయినా రెండో స్టెప్పే, కరెంటు అందకపోయి ఉండొచ్చు.

టక్, టక్, టక్ అని ఒకే లయలో కొట్టుకుంటుంటే హెడ్ పాడయినట్టే దాదాపు. గీరుతున్న శబ్దం వస్తే ఇంకా ప్రమాదం, హెడ్ ప్లాటర్ పైపూతను గోకేస్తుండొచ్చు. ఈ రెండింట్లో ఏది వినిపించినా వెంటనే కేబుల్ పీకేయండి. “ఇంకొక్కసారి చూద్దాం” అని పెట్టిన ప్రతిసారీ రావాల్సిన డేటా తగ్గిపోతుంది. సన్నగా బీప్, బీప్ అంటూ తిరగడానికి ప్రయత్నించి ఆగిపోతుంటే మోటార్‌కు కరెంటు చాలట్లేదు, లేదా హెడ్ ప్లాటర్‌కు అతుక్కుంది. కేబుల్, పోర్ట్ మార్చి ఒక్కసారి చూడండి. అప్పుడూ బీప్ వస్తే ఇక ఇంట్లో చేసే పనేమీ లేదు, కింద “ల్యాబ్‌కు ఇవ్వాల్సి వస్తే” అన్న భాగానికి వెళ్లండి.

కింద పడిన డ్రైవ్ అయితే, శబ్దం బాగానే ఉన్నా, అందులో ఉన్నది పోతే భరించలేనిదైతే నేరుగా ల్యాబ్‌కే ఇవ్వమంటాను.

2. కేబుల్, పోర్ట్, కరెంటు

చిన్నగా అనిపిస్తుంది గానీ ఇక్కడే తేలిపోయే కేసులు చాలా ఉంటాయి. కేబుల్ మార్చండి. యూఎస్‌బీ హబ్ తీసేసి కంప్యూటర్‌కే నేరుగా పెట్టండి. డెస్క్‌టాప్ అయితే క్యాబినెట్ వెనక పోర్ట్ వాడండి. చిన్న 2.5 అంగుళాల డ్రైవ్‌లు కరెంటు యూఎస్‌బీ నుంచే తీసుకుంటాయి. యూఎస్‌బీ 2.0 పోర్ట్ లెక్క ప్రకారం ఇచ్చేది 500 మిల్లీయాంపులే, 3.0 పోర్ట్ 900 ఇస్తుంది. పాత పోర్ట్‌లో మొరాయించిన డ్రైవ్ 3.0 పోర్ట్‌లో లేచి కూర్చోవడం ఉంటుంది.

పెద్ద 3.5 అంగుళాల డ్రైవ్‌లకు వేరే అడాప్టర్ ఉంటుంది, సాధారణంగా 12 వోల్టులది. పిన్ పడుతోంది కదా అని 19 వోల్టుల ల్యాప్‌టాప్ అడాప్టర్ గుచ్చి బోర్డు కాల్చుకునేవాళ్లు ఉన్నారు. అడాప్టర్ మీద రాసిన వోల్టులు చూసి గానీ పెట్టకండి.

డబ్బా విప్పి లోపలి డిస్క్‌ను వేరే ఎన్‌క్లోజర్‌లోకి (డిస్క్‌ను పెట్టే యూఎస్‌బీ డబ్బాలోకి) మార్చడం కూడా ఒక దారి. యూఎస్‌బీ బోర్డు మాత్రమే పోయిన కేసుల్లో పనిచేస్తుంది. అయితే రెండు చిక్కులు ఉన్నాయి. వెస్టర్న్ డిజిటల్ మై పాస్‌పోర్ట్, మై బుక్ రకాల్లో చాలావాటిలో, మీరు పాస్‌వర్డ్ పెట్టకపోయినా ఆ బోర్డే డేటాను ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. బోర్డు మారిస్తే గజిబిజి తప్ప ఏమీ కనిపించదు. మై పాస్‌పోర్ట్‌లలో చాలావాటికి యూఎస్‌బీ సాకెట్ డిస్క్ బోర్డుకే అతికి ఉంటుంది, విప్పినా ఉపయోగం లేదు. రెండో చిక్కు, కొన్ని ఎన్‌క్లోజర్లు సెక్టార్ సైజును మార్చి చూపిస్తాయి, అందువల్ల వేరే చోట పెట్టగానే “ఫార్మాట్ చేయాలి” అని వస్తుంది. డిస్క్ బాగానే ఉంటుంది. ఫార్మాట్ మాత్రం చేయకండి.

3. కంప్యూటర్‌కు ఏం కనిపిస్తోంది?

విండోస్‌లో స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. ఇక్కడ చూడ్డమే, ఏదీ మార్చొద్దు.

సైజు సరిగ్గా ఉందా? 1 టీబీ డ్రైవ్‌కు 931 జీబీ అని చూపిస్తే సరే, విండోస్ లెక్కే అంత. సైజు సరిగ్గా ఉండి పక్కన “రా” (ఆర్ఏడబ్ల్యూ) అనో “అన్‌అలొకేటెడ్” అనో ఉంటే మంచి వార్తే, ఫైళ్ల పట్టిక చెడింది గానీ డిస్క్‌తో మాట్లాడగలుగుతున్నాం. అంతా బాగుండి డ్రైవ్ లెటర్ మాత్రమే లేకపోతే, లెటర్ ఇస్తే పని అయిపోతుంది. సైజు సున్నా అనో, “నో మీడియా” అనో, అసలు సంబంధం లేని అంకె అనో వస్తే అది డ్రైవ్ లోపలి సమస్య. ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని దాటలేదు.

ఒక మినహాయింపు. ఆ డ్రైవ్‌ను ఇంతకుముందు మ్యాక్‌కో, లినక్స్‌కో, సీసీటీవీ రికార్డర్‌కో పెట్టి ఉంటే విండోస్ దాన్ని గుర్తుపట్టకుండా ఫార్మాట్ అడగడం మామూలే. ముందు ఆ పరికరానికే పెట్టి చూడండి. బిట్‌లాకర్ తాళం ఉన్న డ్రైవ్ అయితే 48 అంకెల రికవరీ కీ ఇప్పుడే వెతికి పెట్టుకోండి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో సేవ్ అయి ఉండొచ్చు. ఆ కీ గానీ పాస్‌వర్డ్ గానీ లేకుండా డేటా ఎంత చక్కగా బయటికొచ్చినా పనికిరాదు.

4. ఫైళ్లు పోయాయా, దాక్కున్నాయా?

డ్రైవ్ తెరుచుకుంటోంది, ఫోల్డర్లు లేవు, లేదా అన్నీ షార్ట్‌కట్‌లుగా మారాయి అంటే ఇది చూడండి. డ్రైవ్ ప్రాపర్టీస్‌లో వాడిన స్థలం ఎంత చూపిస్తోంది? 600 జీబీ వాడినట్టు చూపిస్తూ ఫోల్డర్లు మాత్రం కనిపించకపోతే, వైరస్ వాటిని దాచేసి ఉంటుంది. ఫోల్డర్ ఆప్షన్స్‌లో హిడెన్ ఫైళ్లు చూపించమని పెట్టి, “ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్” దాచే టిక్ కూడా తీసేయండి. చాలామంది మొదటిది చేసి రెండోది మరిచిపోతారు. షార్ట్‌కట్‌ల మీద మాత్రం క్లిక్ చేయొద్దు, వైరస్‌ను నడిపేది అవే. డిలీట్ అయిన ఫైళ్ల కోసం అదే డ్రైవ్‌లో దాగి ఉండే రీసైకిల్ బిన్ ఫోల్డర్ కూడా చూడండి.

5. డ్రైవ్ ఆరోగ్యం

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ తెరిచి రెండు వరసలు చూడండి: రీఅలొకేటెడ్ సెక్టార్స్ కౌంట్, కరెంట్ పెండింగ్ సెక్టార్ కౌంట్. చివరి కాలమ్‌లో రా వాల్యూ ఉంటుంది. అది హెక్సాడెసిమల్‌లో ఉంటుంది కాబట్టి మధ్యలో అక్షరాలు కనిపిస్తే కంగారు పడొద్దు, మనకు కావాల్సింది అది సున్నానా కాదా అన్నదే. రెండోది సున్నా కాకపోతే, ఇప్పటికే చదవలేకపోతున్న చోట్లు ఉన్నట్టు. పైన ఆకుపచ్చ రంగులో “గుడ్” అని ఉంది కదా అని ధీమా పడకండి. అన్ని ఎన్‌క్లోజర్లూ ఈ వివరాలు బయటికి ఇవ్వవు కాబట్టి ఏమీ కనిపించకపోతే ఇక్కడ సమయం వృథా చేయొద్దు.

రెండూ సున్నా అయి, వేగం మామూలుగా ఉండి, మీ సమస్య కేవలం డిలీట్ అయిన ఫైళ్లే అయితే ఆరో స్టెప్ వదిలేసి ఏడో స్టెప్‌ను డ్రైవ్ మీదే చేయొచ్చు. మిగతా అందరికీ ఆరోది తప్పనిసరి.

డ్రైవ్ తెరుచుకుంటోంది గానీ నత్తనడక నడుస్తోందా? అయితే ముందు అతి ముఖ్యమైన ఒకటి రెండు చిన్న ఫోల్డర్లు మాత్రమే కాపీ చేసుకోండి. అన్నీ సెలెక్ట్ చేసి ఒకేసారి కాపీ కొడితే ఒక్క చెడ్డ ఫైల్ దగ్గర మొత్తం ఇరుక్కుపోతుంది. రోబోకాపీ (విండోస్‌లోని కాపీ కమాండ్) తెలిసినవాళ్లు కూడా జాగ్రత్త. మీరు ఆపమని చెప్పకపోతే అది చదవలేని ఒక్కో ఫైల్‌ను 30 సెకన్ల విరామంతో 10 లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. రీట్రై అంకెను సున్నాకో ఒకటికో తగ్గించండి.

6. డిస్క్ మొత్తానికి ఇమేజ్ తీయండి

ఈ గైడ్‌లో అసలు పని ఇదే. ఇమేజ్ అంటే డిస్క్‌లోని ప్రతి సెక్టార్‌నూ ఉన్నది ఉన్నట్టు ఒక పెద్ద ఫైల్‌లోకి దింపుకోవడం. ఆ తర్వాత మీరు ఎన్ని సాఫ్ట్‌వేర్లు ప్రయత్నించినా, ఎన్ని పొరపాట్లు చేసినా అసలు డ్రైవ్‌కు ఏమీ కాదు. రికవరీ సాఫ్ట్‌వేర్‌ను నేరుగా బలహీనమైన డ్రైవ్ మీద వదిలితే అది గంటల తరబడి స్కాన్ చేసి, ఫైళ్ల జాబితా చూపించి, తీరా కాపీ చేసే సమయానికి డ్రైవ్ చచ్చిపోతుంది.

ఇందుకు జీఎన్‌యూ డీడీరెస్క్యూ కన్నా నమ్మకమైనది ఉచితంగా దొరకదు. సులువుగా చదవగలిగే చోట్లను ముందు లాగేసి, కష్టమైన చోట్లను చివరికి వదిలేస్తుంది. చేసే విధానం ఇది:

క. వేరే కంప్యూటర్‌లో సిస్టమ్‌రెస్క్యూ అనే లినక్స్‌ను పెన్ డ్రైవ్‌కు ఎక్కించి, దానితో బూట్ చేయండి. డీడీరెస్క్యూ, టెస్ట్‌డిస్క్ రెండూ అందులోనే ఉంటాయి.

ఖ. ముందు మంచి డ్రైవ్ పెట్టి మౌంట్ చేయండి (అంటే లినక్స్‌లో వాడుకునేలా తెరవండి). తర్వాత పాడైనది పెట్టండి. దాన్ని మౌంట్ చేయొద్దు.

గ. ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండ్‌తో డిస్కుల జాబితా చూసి ఏది ఏదో కాగితం మీద రాసుకోండి. సైజులు ఒకటే అయితే మోడల్ పేరు చూడండి. చివర అంకె ఉన్నది పార్టిషన్ (డిస్క్‌లో ఒక భాగం), అంకె లేనిది మొత్తం డిస్క్. మనకు అంకె లేనిదే కావాలి.

ఘ. కమాండ్‌లో వరుస ఇలా ఉండాలి: డీడీరెస్క్యూ, ఆప్షన్, పాడైన డిస్క్ పేరు, మంచి డ్రైవ్ మీద ఇమేజ్ ఫైల్ పేరు, చివర మ్యాప్ ఫైల్ పేరు. మొదటి విడతకు “ఎన్” ఆప్షన్ ఇవ్వండి (అన్ని ఆప్షన్లూ ముందు హైఫన్‌తో, చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లోనే), అప్పుడు అది మొండి సెక్టార్ల దగ్గర సమయం గడపదు. ఎంటర్ నొక్కే ముందు వరుసను కాగితంతో మళ్లీ సరిచూడండి. ఇమేజ్ ఫైల్ పేరు ఉండాల్సిన చోట పాడైన డిస్క్ పేరు ఇచ్చి, బలవంతంగా రాయమనే “ఎఫ్” ఆప్షన్ కూడా పెడితే మీ డేటా మీదే రాసేస్తుంది. ఇమేజ్‌ను ఫైల్‌గా తీసేటప్పుడు “ఎఫ్” అక్కర్లేదు, అసలు టైప్ చేయకండి.

ఙ. మొదటి విడత అయ్యాక అదే కమాండ్‌ను “ఎన్” తీసేసి, “డి”, “ఆర్3” ఆప్షన్లతో మళ్లీ ఇవ్వండి. మిగిలిన చెడ్డ చోట్లను మూడుసార్లు ప్రయత్నిస్తుంది.

మ్యాప్ ఫైల్ ఇవ్వకపోవడం ఇక్కడ అందరూ చేసే తప్పు. ఎంతవరకు చదివిందో, ఏవి మిగిలాయో అందులోనే ఉంటుంది. కరెంటు పోయినా, కంప్యూటర్ ఆగినా, అదే మ్యాప్ ఫైల్‌తో అదే కమాండ్ ఇస్తే వదిలిన చోటు నుంచి అందుకుంటుంది. అది లేకపోతే మళ్లీ మొదటికే. సిస్టమ్‌రెస్క్యూ మెమరీలో నడుస్తుంది కాబట్టి మ్యాప్ ఫైల్‌ను కూడా మంచి డ్రైవ్ మీదే పెట్టండి.

ఆరోగ్యంగా ఉన్న 1 టీబీ డిస్క్ సెకనుకు 100 ఎంబీ చొప్పున వస్తే మూడు గంటల్లోపే అవుతుంది. బ్యాడ్ సెక్టార్లు ఉంటే రోజులు పట్టొచ్చు. డ్రైవ్ మరీ వేడెక్కితే పక్కన ఫ్యాన్ పెట్టండి. నడుస్తుండగా కదపకండి. మధ్యలో టక్ టక్ మొదలైతే కంట్రోల్, సీ కలిపి నొక్కి ఆపేసి, అప్పటిదాకా వచ్చిన దాంతో ఏడో స్టెప్‌కు వెళ్లండి.

లినక్స్ అంటేనే భయమైతే విండోస్‌లో నడిచే డీఎండీఈ ప్రోగ్రామ్ ఉచిత వెర్షన్‌లోనూ ఇమేజ్ తీయొచ్చు. కాస్త చెడిన డ్రైవ్‌కు సరిపోతుంది. బాగా చెడినదానికి డీడీరెస్క్యూనే వాడండి.

7. ఇమేజ్‌లోంచి ఫైళ్లు తీయండి

ఇక పాడైన డ్రైవ్ పీకి పక్కన పెట్టండి. ఇక్కడి నుంచి తొందరేమీ లేదు.

మొదట డీఎండీఈలో ఇమేజ్ ఫైల్ తెరవండి. పార్టిషన్ చూపిస్తే దాన్ని తెరిచి ఫోల్డర్లు చూడండి, లేకపోతే ఫుల్ స్కాన్ ఇవ్వండి. ఇందులో ఫోల్డర్ల అమరిక, ఫైళ్ల పేర్లు అలాగే వస్తాయి. ఉచిత వెర్షన్ ఒకసారికి ఒకే ఫోల్డర్ నుంచి 4,000 ఫైళ్ల వరకు ఇస్తుంది, ఫోల్డర్ తర్వాత ఫోల్డర్ తీసుకుంటూ పోవచ్చు. డబ్బు పెట్టగలిగితే ఆర్-స్టూడియో, యూఎఫ్‌ఎస్ ఎక్స్‌ప్లోరర్ కూడా మంచివే. ఏది కొన్నా ముందు ఉచిత స్కాన్‌లో మీ ఫైళ్లు ప్రివ్యూ అవుతున్నాయో లేదో చూశాకే కొనండి.

పార్టిషనే మాయమైతే టెస్ట్‌డిస్క్‌ను ఇమేజ్ మీద నడపండి. అనలైజ్, క్విక్ సెర్చ్ అయ్యాక దొరికిన పార్టిషన్ మీద “పి” నొక్కితే ఫైళ్ల జాబితా వస్తుంది, అక్కడి నుంచే కాపీ చేసుకోవచ్చు. డిస్క్ మీద రాసే “రైట్” అన్న ఆప్షన్ జోలికి వెళ్లకండి.

ఏదీ పనిచేయకపోతే చివరి అస్త్రం ఫొటోరెక్. ఫైళ్ల పట్టికను పట్టించుకోకుండా, ఒక్కో రకం ఫైల్ మొదట్లో ఉండే గుర్తును బట్టి వెతుకుతుంది. అందుకే పేర్లు, ఫోల్డర్లు, చాలావరకు తేదీలు పోతాయి. ముక్కలు ముక్కలుగా నిల్వ అయిన పెద్ద వీడియోలు సరిగ్గా రావు. ఫైల్ రకాల్లో మీకు కావాల్సినవి మాత్రమే టిక్ పెట్టండి, లేకపోతే వేలకొద్దీ చెత్త ఫైళ్లలో మీ ఫొటోలు వెతుక్కోవాలి. దీన్ని మొదటే వాడేసి “పేర్లన్నీ పోయాయి” అని బాధపడేవాళ్లు చాలామంది.

ఏ ప్రోగ్రామ్ వాడినా తీసిన ఫైళ్లను మంచి డ్రైవ్ మీదే సేవ్ చేయండి.

8. వచ్చినవి నిజంగా వచ్చాయా?

ఫైళ్ల సంఖ్య చూసి సంబరపడొద్దు. చదవలేని చోట్ల ఇమేజ్‌లో సున్నాలు ఉంటాయి. ఫైల్ పేరూ, సైజూ సరిగ్గా ఉండి లోపల ఖాళీ కావచ్చు.

ఫొటోలను థంబ్‌నెయిల్ చూసి నమ్మకండి. కెమెరా ఫొటోల్లో చిన్న బొమ్మ ఫైల్ మొదట్లో విడిగా ఉంటుంది. అసలు ఫొటో సగం బూడిద రంగులో ఉన్నా చిన్న బొమ్మ చక్కగా కనిపిస్తుంది. పూర్తి స్క్రీన్‌లో తెరిచి చూడండి. వీడియోలను మొదట్లో, మధ్యలో, చివర్లో ప్లే చేయండి. ఎంపీ4 అసలు తెరుచుకోకపోతే దాని సూచిక భాగం పోయి ఉంటుంది. అదే కెమెరాతో తీసిన మంచి వీడియో ఒకటి ఉంటే, దాన్ని నమూనాగా తీసుకుని బాగుచేసే అన్‌ట్రంక్ లాంటి ప్రోగ్రామ్‌లు ఉన్నాయి.

వర్డ్, ఎక్సెల్ ఫైళ్లకు ఒక సులువైన పద్ధతి ఉంది. డాక్స్, ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ రకం ఫైళ్లు లోపల జిప్ ఫైళ్లే. కాబట్టి 7-జిప్‌లో వాటన్నింటినీ ఎంచుకుని “టెస్ట్ ఆర్కైవ్” ఇస్తే ఒక్కోటి తెరవకుండానే చెడ్డవేవో చెబుతుంది. టాలీ డేటా, ఔట్‌లుక్ మెయిల్ ఫైళ్లను మాత్రం ఆ ప్రోగ్రామ్‌లోనే తెరిచి చూడాలి, అదీ ఒక కాపీ మీద.

ల్యాబ్‌కు ఇవ్వాల్సి వస్తే

టక్ టక్ శబ్దం, తిరగకపోవడం, సైజు సున్నా, నీళ్లలో పడడం, ఇవన్నీ ల్యాబ్ కేసులే. అదే మోడల్ బోర్డు కొని మార్చేస్తే చాలని కొందరు చెబుతారు. బోర్డు మీది చిప్‌లో ఆ ఒక్క డ్రైవ్‌కే సంబంధించిన వివరాలు ఉంటాయి, దాన్ని కూడా మార్చకపోతే చాలా డ్రైవ్‌లు పనిచేయవు.

ఇచ్చే ముందు అడగండి: డ్రైవ్ ఎక్కడ విప్పుతారు, డేటా రాకపోతే ఛార్జీ ఎంత, డబ్బు కట్టే ముందు ఫైళ్ల జాబితా చూపిస్తారా, ధర చెప్పాక మీరు వద్దంటే డ్రైవ్ యథాతథంగా వెనక్కి ఇస్తారా. చూడకముందే “నూటికి నూరు శాతం గ్యారంటీ” అనేవాళ్ల దగ్గర్నుంచి వచ్చేయండి. మీరు అప్పటికే ఏమేం ప్రయత్నించారో దాచకుండా చెప్పండి, దాన్ని బట్టే వాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలో నిర్ణయిస్తారు. వారంటీలో ఉంది కదా అని కంపెనీకి పంపితే కొత్త డ్రైవ్ ఇస్తారు, పాతదాంట్లోని డేటా ఇవ్వరు. రికవరీ సేవ కూడా కలిపి అమ్మిన మోడల్ అయితే తప్ప.

ఎస్‌ఎస్‌డీ అయితే

పైన చెప్పింది తిరిగే డిస్క్ గురించి. ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీలో శబ్దం ఉండదు, చెడిపోతే చాలాసార్లు హఠాత్తుగానే పోతుంది. ట్రిమ్ (ఏ చోట్లు ఖాళీ అయ్యాయో డ్రైవ్‌కు చెప్పే ఏర్పాటు) పనిచేస్తున్న ఎస్‌ఎస్‌డీలో డిలీట్ చేసిన ఫైళ్లను, క్విక్ ఫార్మాట్ చేసినవాటిని కూడా, డ్రైవే లోపల తుడిచేస్తుంది. కరెంటు ఉన్నంతసేపూ ఆ పని జరుగుతూనే ఉంటుంది కాబట్టి తప్పుగా డిలీట్ చేస్తే వెంటనే పీకేయడమే మీరు చేయగలిగింది.

ఫైళ్లన్నీ సరిచూసుకుని, వాటికి రెండో కాపీ చేసుకునేదాకా ఇమేజ్‌నూ, పాడైన డ్రైవ్‌నూ చెరపకండి. ఆ తర్వాత కూడా ఆ డ్రైవ్‌ను ఫార్మాట్ చేసి “సినిమాలకు పనికొస్తుంది” అని ఇంకొకరికి ఇవ్వకండి. పెండింగ్ సెక్టార్లు ఫార్మాట్ చేశాక సున్నా అయినట్టు కనిపించినా, చెడడం మొదలైన ప్లాటర్ మళ్లీ చెడుతుంది.